ఇప్పుడు రాస్తున్నవాళ్లను ఎక్కడి నుంచి చదవాలి?

మీరు అడిగింది ఇదీ. చలం, శ్రీశ్రీ, బుచ్చిబాబు, రావిశాస్త్రి దాకా ఇష్టంగా చదివారు. ఆ తర్వాత ఎవరిని పట్టుకోవాలో తెలియడం లేదు. ఈ మధ్య కొన్న కథల పుస్తకాలు యాస అర్థంకాక సగంలో ఆగిపోయాయి. కొత్త కవిత్వం చూస్తే వచనాన్ని విరిచి కింద కింద పేర్చినట్టు అనిపించింది. అవార్డు వచ్చిన పుస్తకాలు వరసగా కొనుక్కుంటే సరిపోతుందా, అసలు ఇప్పటి రచయితల్లో అంత ఓపికగా చదవాల్సినవాళ్లు ఉన్నారా అన్నారు. నచ్చితే ఆ మాట రచయితకు చెప్పొచ్చా అని కూడా అడిగారు.

ఉన్నారు. చాలామందే ఉన్నారు. అయితే బుచ్చిబాబును చదివినట్టు వీళ్లను చదవడం కుదరదు. బుచ్చిబాబు మీ చేతికి వచ్చేసరికే ఆయన మంచి రచయిత అని నలుగురూ తేల్చేశారు. ఆయన కాలంలో పత్రికల నిండా రాసిన మిగతావాళ్లలో ఎక్కువమంది పేర్లు మనదాకా రాలేదు. అందుకే పాతకాలమంతా గొప్పవాళ్లతో నిండిపోయినట్టు కనిపిస్తుంది. ఇప్పుడు రాస్తున్నవాళ్ల విషయంలో ఆ వడపోత ఇంకా జరగలేదు. మంచివీ, మామూలువీ, తొందరపడి అచ్చేసినవీ అన్నీ ఒకే అరలో ఉంటాయి. నాలుగు పుస్తకాలు నచ్చకపోతే ఈ తరం అంతే అనుకోకండి. ఏది నిలుస్తుందో మీ చెవితో మీరే తేల్చుకోవాలి. బతికున్న రచయితను చదవడంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి అదే.

మొదలు కథతోనే పెట్టండి. కథాసాహితి వాళ్లు 1990 నుంచి ఏడాదికొక కథా సంకలనం తెస్తున్నారు. వాసిరెడ్డి నవీన్, పాపినేని శివశంకర్ సంపాదకులు. వాటిలో ఏవైనా మూడు నాలుగు సంపుటాలు, వేరువేరు దశాబ్దాలవి, తెచ్చుకోండి. రచయిత పేరు, ఊరు, ఉద్యోగం చూడకుండా ముందు కథ చదవండి. చదివిన వారం తర్వాత కూడా మనసులో మెదిలే కథ ఏదో చూసుకుని, అప్పుడు ఆ రచయిత సొంత సంపుటి వెతికి మొత్తం చదవండి. ఒక్క కథ వస్తువు బలంతో గట్టెక్కవచ్చు. అదే మనిషివి పది, పన్నెండు కథలు వరసగా చదివితే ఆ వాక్యం ఎలాంటిదో, ఏ విషయం ఆ మనిషిని నిద్రపోనివ్వడం లేదో తెలుస్తుంది. పదిమందివి తలా ఒక కథ చదవడం కంటే ఒకరివి పది చదివితేనే ఎక్కువ తెలుస్తుందని నా నమ్మకం. ఒక్క జాగ్రత్త. ఏ సంకలనమైనా సంపాదకుల అభిరుచే. ఈ సంకలనాల్లో సామాజిక సమస్య గట్టిగా ఉన్న కథకు చోటు తేలిగ్గా దొరుకుతుంది, హాస్యానికీ వింత ఊహకూ అంత తేలిగ్గా దొరకదని నా అభిప్రాయం. వాటిని బయట వెతుక్కోవాలి.

ఒక కథను కొంచెం దగ్గరగా చూపిస్తాను. పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే'. చదువుకున్న, చురుకైన అమ్మాయి. పెళ్లయ్యాక ఇల్లు అద్దంలా ఉంచడమే పనిగా పెట్టుకుంటుంది. ఒకరోజు ముగ్గు వేస్తూ వేస్తూ తన పేరేమిటో మర్చిపోయానని గమనిస్తుంది. పనిమనిషిని అడిగితే మీరు నాకు అమ్మగారు అంటుంది. పిల్లల్ని అడిగితే నువ్వు అమ్మవి అంటారు. భర్తకేమో ఆమె 'ఏమోయ్' మాత్రమే. సర్టిఫికెట్లు వెతుక్కోవడానికి పుట్టింటికి బయల్దేరుతుంది. చివరికి పాత స్నేహితురాలు ఎదురుపడి శారదా అని పిలిస్తే ప్రాణం లేచివస్తుంది. కథ ఇంతే. ఇందులో ఎవరూ ఎవర్నీ కొట్టరు, అరవరు. భర్త దుర్మార్గుడు కూడా కాదు. కథలో ఒక్క ఉపన్యాసం లేదు. ఏ ఇంట్లోనైనా జరిగేదాన్ని తీసుకుని, దాన్ని ఒకే ఒక్క అడుగు ముందుకు జరిపారు, అది కూడా ఏమాత్రం గొంతు పెంచకుండా. స్త్రీవాదం గురించి మీరు విన్న వాదనలన్నీ ఆ 'ఏమోయ్'లో ఇమిడిపోయి ఉన్నాయి. ఇప్పటి మంచి కథలో మీరు వెతకాల్సింది ఈ పనితనం. రచయిత తన అభిప్రాయం చెప్పేశారా, లేక మనమే ఆ అభిప్రాయానికి చేరేలా కథను నడిపారా? చెప్పేసిన కథలు మనకు చాలా ఉన్నాయి. వాటి ఉద్దేశం ఎంత మంచిదైనా రెండోసారి తెరవాలనిపించదు. వోల్గా గారి 'విముక్త' (2015లో సాహిత్య అకాడమీ బహుమతి) కూడా ఇదే చూపుతో చదవండి. సీతను శూర్పణఖ, అహల్య, రేణుక, ఊర్మిళల ఎదురుగా నిలబెట్టిన కథలవి. రామాయణం తెలిసిన పాఠకుడి జ్ఞాపకాన్నే కథకు పునాదిగా వాడుకున్నారు.

ఇక యాస. మీ ప్రశ్నలో అసలు చిక్కు ఇదే అనుకుంటున్నాను, అందుకని కాస్త ఆగి చెబుతాను. గత మూడు, నాలుగు దశాబ్దాల్లో తెలుగు కథలో జరిగిన పెద్ద మార్పు వస్తువులో కంటే ఎక్కువగా గొంతులో జరిగింది. అంతకుముందు పాత్రలు యాసలో మాట్లాడినా, కథ చెప్పేవాడు చాలావరకు పత్రికల తెలుగే రాసేవాడు. రావిశాస్త్రి లాంటివాళ్లు ఆ గీత ఎప్పుడో చెరిపారు, అది మీకు తెలుసు. ఆ తర్వాతివాళ్లు కథ చెప్పే గొంతునే తమ ఇంటి భాషలోకి తెచ్చేశారు. నామిని సుబ్రమణ్యం నాయుడు చిత్తూరు జిల్లా పల్లె మాటల్లో రాశారు. మహమ్మద్ ఖదీర్ బాబు 'దర్గామిట్ట కతలు' నెల్లూరు సీమలోని ఒక ముస్లిం కుటుంబంలో పిల్లవాడి గొంతుతో నడుస్తాయి. స.వెం. రమేశ్ 'ప్రళయకావేరి కథలు' ఆంధ్ర, తమిళనాడు సరిహద్దులోని పులికాట్ సరస్సు లంకల జీవితాన్ని అక్కడి తెలుగులోనే చెబుతాయి. తెలంగాణ వైపు పెద్దింటి అశోక్ కుమార్ కథలు, నవలలు. గోగు శ్యామల 'ఏనుగంత తండ్రి కన్నా ఏకులబుట్టంత తల్లి నయం'. ఉత్తరాంధ్రకు అట్టాడ అప్పల్నాయుడు. కొత్తవాళ్లలో రమేశ్ కార్తీక్ నాయక్ 'ఢావ్లో' బంజారా తండాల కథలు. దానికి 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది.

ఈ పుస్తకాల ముందు కూర్చుని ప్రతి మాటకూ అర్థం వెతకడం మొదలుపెడితే మూడో పేజీకి విసుగొస్తుంది. అలా కాకుండా పైకి చదవండి. పక్కన ఎవరూ లేనప్పుడు, సిగ్గుపడకుండా, గట్టిగా. కంటికి కొత్తగా కనిపించే మాట చెవికి చాలాసార్లు తెలిసినదే అయి ఉంటుంది. క్రియ చివర ఎలా తిరుగుతోందో, 'కి'కి బదులు ఏం వస్తోందో, ఏ అక్షరం జారిపోతోందో ఇరవై పేజీలకల్లా చెవికి పట్టుబడుతుంది. ఆ తర్వాత కూడా తెలియని మాటలు మిగులుతాయి. చేపల పేర్లు, పంటల పేర్లు, వంటింటి సామాన్ల పేర్లు. మిగలనివ్వండి. ప్రళయకావేరి కథల్లో తాత మనవడికి చెప్పే ఆ పేర్లన్నీ మీకు తెలియకపోయినా, అవి తెలిసిన ఒక లోకం ఉండేదని తెలుస్తుంది. రచయిత మీకు అందించాలనుకున్నది ఆ ఎరుకనే. వాటన్నిటికీ కింద అర్థాలు ఇచ్చి ఉంటే అది పాఠ్యపుస్తకంలా తయారయ్యేది.

యాసలో రాసిన ప్రతిదీ మంచి రచన అని కూడా అనుకోకండి. యాసను ముస్తాబుగా వాడిన కథలు ఎన్నో వస్తున్నాయి. గుర్తుపట్టడానికి నాకు తెలిసిన తేలిక పద్ధతి ఒకటుంది. ఆ కథలోంచి ఒక పేరా తీసి పత్రికల తెలుగులోకి మార్చి చూడండి. మార్చినా ఏమీ పోకపోతే ఆ యాస పైపూత. మార్చగానే మనిషి స్వభావం, కోపం, నవ్వు కూడా పోతే అది లోపలిది. నామినితో ఈ ప్రయత్నం చేస్తే ఒక్క వాక్యం కూడా బతకదు.

నవలల గురించి తక్కువ చెబుతాను, ఎందుకంటే మీ అభిరుచి ఎటు వెళుతుందో కథల్లోనే తేలిపోతుంది. చరిత్ర ఇష్టమైతే బండి నారాయణస్వామి 'శప్తభూమి', 18వ శతాబ్దపు రాయలసీమ మీద. రాజుల కథగా కాకుండా కరువులో, పాలెగాళ్ల కింద నలిగిన మామూలు మనుషుల కథగా రాశారు. సంగీతం ఇష్టమైతే మధురాంతకం నరేంద్ర 'మనోధర్మపరాగం'. మనిషికీ జంతువుకీ మధ్య బంధం గురించి చదవాలంటే పెద్దింటి అశోక్ కుమార్ 'జిగిరి'. ఎలుగుబంటిని ఆడించుకుంటూ బతికే కుటుంబం ఆ జంతువును ఏం చేయాలి అన్న ఒకే ఒక్క ప్రశ్న మీద నడుస్తుంది, చిన్న పుస్తకం. నన్నడిగితే నవలల్లో మొదట అదే చదవండి. కరువు కాలంలో గొర్రెల మందలతో నల్లమల ఎక్కిన కాపరుల కథ సన్నపురెడ్డి వెంకట్రామిరెడ్డి 'కొండపొలం'. సినిమాగా చూసి ఉన్నా సరే, పుస్తకంలోని అడవి వేరు. ప్రసాద్ సూరి 'మైరావణ' మరీ కొత్త తరానిది, 2025 యువ పురస్కారం పొందింది.

కవిత్వం దగ్గరికి వద్దాం. వచనాన్ని విరిచి పేర్చినట్టుంది అన్నారు. చాలా కవితలు నిజంగా అలాగే ఉంటాయి, మీ చూపులో తప్పులేదు. అయితే విరుపు పనిచేసిన చోటును, చేయని చోటును వేరు చేసుకోవడం తెలియాలి. ఉదాహరణకు నేనే ఒక వాక్యం రాస్తాను. 'నాన్న వెళ్లిపోయాక ఆయన చెప్పులు వాకిట్లోనే ఉన్నాయి.' దీన్ని ఇలా విరిచానుకోండి:

నాన్న వెళ్లిపోయాక
ఆయన చెప్పులు
వాకిట్లోనే ఉన్నాయి

ఇది పేర్చడమే. విరుపు వల్ల ఏ మాటకూ కొత్త బరువు రాలేదు, మళ్లీ కలిపేసినా నష్టం లేదు. ఇప్పుడు ఇది చూడండి:

నాన్న వెళ్లిపోయాడు
చెప్పులు
వెళ్లలేదు

'చెప్పులు' ఒంటరిగా ఒక పాదంలో నిలబడింది. తర్వాత ఏం వస్తుందా అని ఒక క్షణం ఆగాం. 'వెళ్లలేదు' రాగానే పై పాదంలోని 'వెళ్లిపోయాడు' అర్థం మారిపోయింది. చెప్పులు లేకుండా వెళ్లే ప్రయాణం ఏదో కవి చెప్పలేదు, మనకే తెలిసింది. గొప్ప కవిత అని ఇది రాయలేదు, విరుపు చేసే పని చూపించడానికి రాశాను. ఏ కవితనైనా ఇలా పరీక్షించండి. పాదాలన్నీ కలిపి వచనంగా చదవండి, మళ్లీ విరిచి చదవండి. తేడా లేకపోతే నిశ్చింతగా పేజీ తిప్పేయండి.

అన్ని కవితలూ ఇంత బిగువుగా ఉండాలని కాదు. కె. శివారెడ్డి గారి కవిత దీనికి పూర్తిగా భిన్నం. ధారగా మాట్లాడుతూ పోతుంది, ఒకే మాటను తిప్పి తిప్పి అంటుంది, పాదం అక్కడ ఊపిరి తీసుకునే చోట విరుగుతుంది. దాన్ని మౌనంగా కంటితో చదివితే పొడుగ్గా అనిపిస్తుంది. పైకి చదివితే పొడుగు మాయమవుతుంది. 'పక్కకి ఒత్తిగిలితే' సంపుటికి ఆయనకు 2018 సరస్వతీ సమ్మాన్ వచ్చింది. ముందు అదే చదివి, తర్వాత వెనక్కి 'మోహనా ఓ మోహనా'కి వెళ్లండి. అది 1990లో అకాడమీ బహుమతి పొందిన పుస్తకం. గోరటి వెంకన్న గారి 'వల్లంకి తాళం' అయితే పుస్తకం తెరిచే ముందు ఆయన పాడగా వినండి. ఆ పాట ఒకసారి చెవిలో పడ్డాక అచ్చులో ఉన్న పాదాలు వాటంతటవే నడుస్తాయి. చిన్న కవితతో మొదలుపెట్టాలనుకుంటే ఎన్. గోపి గారు తెచ్చిన నానీలు ఉన్నాయి. నాలుగు పాదాలు, 20 నుంచి 25 అక్షరాలు. రాయడం తేలికగా కనిపించడం వల్ల ఎంతోమంది రాశారు, అందులో పొల్లు కూడా ఎక్కువే. గోపి గారివే ముందు చదవండి.

యువ కవుల కోసం అకాడమీ యువ పురస్కారాల జాబితా పనికొస్తుంది. 35 ఏళ్ల లోపువాళ్లకు ఇస్తారు. మెర్సీ మార్గరెట్ 'మాటల మడుగు' (2017), బాలసుధాకర్ మౌళి 'ఆకు కదలని చోట' (2018), తగుళ్ళ గోపాల్ 'దండకడియం' (2021), పల్లిపట్టు నాగరాజు 'యాలై పూడ్సింది' (2022). వరసగా చదివితే ఒక్కొక్కరు ఎంత వేరో తెలుస్తుంది. ఈ కవులకు ముందు నేల దున్నిన రెండు సంకలనాలు కూడా దగ్గర పెట్టుకోండి. స్త్రీవాద కవిత్వానికి 'నీలిమేఘాలు', దళిత కవిత్వానికి 'చిక్కనవుతున్న పాట'. రెండూ 1990ల్లో వచ్చాయి. ఇప్పటి కవి ఎవరితో మాట్లాడుతున్నాడో, ఎవరితో పోట్లాడుతున్నాడో వీటిని చదివితేనే అర్థమవుతుంది.

అవార్డు పుస్తకాలు వరసగా కొనుక్కోవచ్చా అన్నారు కదా. కొనండి, తప్పులేదు, కానీ వాటిని తీర్పుగా తీసుకోకండి. అకాడమీ ప్రధాన బహుమతి తెలుగులో 2015 నుంచి 2024 వరకు చూస్తే కవిత్వానికి నాలుగుసార్లు, కథలకు రెండుసార్లు, నవలకు రెండుసార్లు, విమర్శ, వ్యాసాలకు రెండుసార్లు వచ్చింది. కథలకు వచ్చిన రెండోది తల్లావజ్ఝల పతంజలి శాస్త్రి 'రామేశ్వరం కాకులు', 2023లో. తప్పకుండా చదవాల్సిన పుస్తకం. బహుమతి వచ్చేసరికి చాలామంది రచయితలు తమ మంచి పుస్తకాలు ఎప్పుడో రాసేసి ఉంటారు, గౌరవం ఆలస్యంగా అందుతుంది. అందుకని బహుమతి వచ్చిన పుస్తకంతో ఆపకుండా, ఆ రచయితవి అంతకుముందు పదేళ్ల పుస్తకాలు కూడా తిరగేయండి.

వ్యాసం గురించి మీరు అడగలేదు. ఎవరూ అడగరు, అది నాకు బాధ. ఇవాళ తెలుగు వచనం ఎంత హాయిగా నడవగలదో చూడాలంటే వ్యాసాల్లోనే చూడాలని నేను గట్టిగా నమ్ముతాను. వాడ్రేవు చినవీరభద్రుడు గారు కవిత్వం, చిత్రలేఖనం, ప్రయాణాలు, తాను చదివిన పుస్తకాలు అన్నిటి మీదా రాస్తారు. ఆయన వ్యాసం చదివాక మరో పుస్తకం వెతుక్కోకుండా ఉండలేం. పూడూరి రాజిరెడ్డి దారి వేరు. పెద్ద విషయం జోలికే పోరు. పిల్లలు, ఆఫీసు, బస్సు, మనసులో మెదిలిన ఒక చిన్న సంకోచం, అంతే. 'పలక పెన్సిల్'లో, 'రియాలిటీ చెక్'లో వాక్యాలు ఎంత పొట్టిగా, ఎంత నిజాయితీగా ఉంటాయో చూడండి. రాజకీయం, సంస్కృతి కలిసే చోట ఆలోచన కావాలంటే ఆంధ్రజ్యోతి సంపాదకుడిగా పనిచేసిన కె. శ్రీనివాస్ వ్యాసాలు. తెలుగులో మంచి వ్యాసం చాలావరకు వ్యాసం అన్న పేరుతో రాదు. పత్రికలో కాలమ్‌గా వస్తుంది, కవితా సంపుటికి ముందుమాటగా వస్తుంది. ముందుమాటలు దాటేసే అలవాటు ఉంటే మానుకోండి. పొగడ్తలతో నిండినవి ఎక్కువే, కానీ మంచి విమర్శ దొరికేదీ అక్కడే.

ఎక్కడ దొరుకుతాయి అంటే, డబ్బు పెట్టకుండానే చాలా చదవొచ్చు. 'ఈమాట' వెబ్ పత్రిక 1998 నుంచి నడుస్తోంది, పాత సంచికలన్నీ తెరిచే ఉన్నాయి. 'సారంగ'లో కొత్త కథ, కవిత, చర్చ వస్తుంటాయి. పాత కథ ఏదైనా వెతకాలంటే కాళీపట్నం రామారావు గారు శ్రీకాకుళంలో 1997లో పెట్టిన కథానిలయం ఉంది, దాని వెబ్‌సైట్‌లో వేల కథలున్నాయి. అచ్చు పుస్తకం విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి. తెలుగులో సాహిత్య పుస్తకం సాధారణంగా ఐదొందలో వెయ్యో కాపీలు వేస్తారు, చాలాసార్లు రచయితే డబ్బు పెట్టుకుంటారు, అయిపోతే మళ్లీ అచ్చవుతుందన్న నమ్మకం లేదు. విజయవాడ, హైదరాబాద్ పుస్తక ప్రదర్శనల్లో పెద్ద స్టాళ్లతో పాటు చిన్న ప్రచురణకర్తల బల్లల దగ్గర కూడా ఆగండి. హైదరాబాద్ బుక్ ట్రస్ట్, ఛాయ, అన్వీక్షికి లాంటివాళ్ల దగ్గర కొత్త పేర్లు కనిపిస్తాయి. తెలియని పేరైతే మధ్యలో ఒక పేజీ తెరిచి నిలబడే చదవండి. మొదటి పేజీని ఎవరైనా బాగానే చెక్కుతారు.

చివరి ప్రశ్న, రచయితకు చెప్పొచ్చా అని. తప్పకుండా చెప్పండి. చాలా పుస్తకాల్లో వెనకపక్కనో, లోపలి పేజీలోనో రచయిత చిరునామా, ఫోన్ నంబరు ఉంటాయి. ముందు మెసేజ్ పెట్టి, వీలు కనుక్కుని మాట్లాడండి. 'చాలా బాగుందండీ' అన్నంత మాత్రాన వాళ్లకు పెద్దగా ఉపయోగం లేదు. ఏ కథలో ఏ చోట ఆగిపోయారో, ఏ పాత్ర మీకు నమ్మబుద్ధి కాలేదో, ఏ వాక్యం రెండోసారి చదివారో చెప్పండి. నచ్చనిది కూడా మర్యాదగా చెప్పండి. సమీక్షలు తగ్గిపోయాయి, వచ్చేవాటిలో మొహమాటం ఎక్కువ. పరిచయం లేని పాఠకుడు పేజీ నంబరుతో సహా చెప్పిన మాట రచయితకు ఎంత అవసరమో నాకు తెలుసు. ఆ రచయిత తర్వాతి పుస్తకం ఇంకా రాస్తూనే ఉన్నారు.